బొటనవేలు భద్రం!

మన వాడల్లో ఇప్పుడు దొంగ గోడ దూకి రావడం లేదు. కుక్క మొరగదు, తలుపు పగలదు. పొద్దంతా పత్తి ఏరి, రాళ్లు కొట్టి, సిమెంటు మోసి కూడబెట్టిన నాలుగు పైసలు బ్యాంకులో భద్రంగ ఉన్నవనుకుంటాం. అవసరానికి పోయి అడిగితే లేవంటారు. "నువ్వే వేలు పెట్టి తీసుకున్నవు గద అవ్వా, ఇగో మిషన్ల పడ్డది" అంటారు. పెట్టిన వేలు మనదే. తీసుకున్న చెయ్యి మాత్రం మనది కాదు.

భూమి, కూలి, దాడులు, ఆత్మగౌరవం – ఇన్ని సమస్యలుండగా సెల్‌ఫోను మీద, వేలిముద్ర మీద సంపాదకీయమా అని మన కార్యకర్తల్లోనే కొందరు అడుగుతారు. అడగాల్సిందే. జవాబు కూడా ఉన్నది. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఈ రోజు కూలి పైసలు, పింఛను, రేషన్ బియ్యం, పిల్లల స్కాలర్‌షిప్పు, భూమి పాసుబుక్కు అన్నీ ఒక నంబరుకు, ఒక వేలిముద్రకు, ఒక సెల్‌ఫోనుకు ముడిపెట్టి ఉన్నాయి. ఆ ముడి ఎవరి చేతిలో ఉంటే మన బతుకు వాళ్ల చేతిలో ఉన్నట్టే. భూమి గురించి, కూలి గురించి మాట్లాడేవాళ్లు ఈ ముడి గురించి మాట్లాడకుండా ఎట్ల కుదురుతది?

బొటనవేలు కథ మనకు కొత్త కాదు. గురుదక్షిణ పేరుతో ఏకలవ్యుని దగ్గర కోసుకున్నది ఈ వేలునే. నిజాం కాలంలో గడీ ముందర నిలబెట్టి, ఆకలికి నాలుగు కుంచాల జొన్నలు కొలిచి, ఖాళీ కాగితం మీద అద్దించుకున్నది ఈ వేలునే. కాగితంలో ఏం రాసుకున్నరో రాసుకున్నోనికి తప్ప తెల్వదు. తాత పెట్టిన ముద్రకు మనుమడు జీతం ఉన్నడు. అందుకే 1946-51 సాయుధ పోరాటంలో నల్లగొండ పల్లెలు లేచినప్పుడు, మన పెద్దలు దొరల గరిసెల మీద పడ్డట్టే అప్పు కాగితాల మీద కూడా పడ్డరు. కుప్పపోసి కాలబెట్టిన్రు. అక్షరం రానోళ్లకు కాగితం బలం అంత బాగ ఎరుక.

ఇంగ్లీషు దొరలది కూడా ఇదే కథ. 1858లో బెంగాలులో విలియం హెర్షెల్ అనే తెల్ల అధికారి, రోడ్డుకు కంకర సప్లయి చేసే ఒక దేశీ కాంట్రాక్టరు రేపు మాట తప్పుతాడేమోనని ఒప్పందం కాగితం మీద అరచేతి ముద్ర వేయించుకున్నాడు. 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చి, పుట్టుకతోనే దొంగలని కులాలకు కులాలనే రిజిస్టర్లకు ఎక్కించారు. మన ఎరుకల వాళ్లను కూడా ఆ రిజిస్టర్లలో రాసి, పోలీసు ఠాణాల చుట్టూ హాజరీకి తిప్పారు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయమే తెరిచారు. అంటే వేలిముద్ర అనేది పేదోని మాట మీద నమ్మకం లేక పుట్టింది. నువ్వు నువ్వేనని రుజువు చేసుకోమని మననే అడుగుతారు. అడిగేటోడు ఎవరో, మన ముద్రతో ఏం చేస్తడో మాత్రం మనకు చెప్పడు. ఆనాడు గడీలో ఉన్న రివాజు ఇదే, ఈనాడు మిషనులో ఉన్న రివాజు ఇదే.

మిషను ఎట్ల పనిచేస్తదో ముందు తెలుసుకుందాం. బ్యాంకు మండల కేంద్రంలో ఉంటది. ఊర్లో కిరాణం దుకాణంలోనో, జిరాక్స్ సెంటర్లోనో చిన్న మిషను పెట్టుకొని కమీషన్ మీద పైసలిచ్చే మనిషి ఉంటడు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర – ఈ మూడు కలిస్తే చాలు, ఖాతాలోంచి పైసలు బయటికొస్తాయి. ఏటీఎం కార్డుకు ఉన్నట్టు రహస్య నంబరు లేదు, ఫోనుకు ఓటీపీ రాదు. ఒక్కసారికి 10,000 రూపాయల దాకా తీయొచ్చు. ముసలోళ్లకు, చదువు రానోళ్లకు ఇది సౌలతే, కాదనం. బ్యాంకుకు పోయి ఒక రోజు కైకిలి పోగొట్టుకునే బాధ తప్పింది. కానీ సౌలతు ఎంత సులువో మోసం అంత సులువు.

"అవ్వా, ముద్ర పడలేదు, మళ్లీ పెట్టు" అంటడు. మొదటిసారే పడి ఉంటది, రెండోసారి పెట్టిన ముద్రకు ఇంకో రెండు వేలు పోతయి. బ్యాలెన్స్ చూడమని పోతే పైసలు తీస్తడు. మూడు వేలు తీసి రెండు వేలు చేతిలో పెడతడు. రసీదు అడిగితే "కాగితం అయిపోయింది" అంటడు. మిషను పెట్టుకున్నోళ్లందరు దొంగలని మేము అనడం లేదు. వాళ్లలో మన పిల్లలు కూడా ఉన్నారు, నిజాయితీగ పనిచేసేవాళ్లే ఎక్కువ. కానీ దొంగకు ఇంత సులువైన దారి పెట్టింది ఎవరు? పట్నంలో లక్షలు దాచుకున్నోని ఖాతాకు రెండు తాళాలు, మూడు తాళాలు. కూలోని ఖాతాకు ఒకే తాళం, దాని చెవి పొద్దున లేస్తే పది చోట్ల అద్దే బొటనవేలు!

ఏటీఎం నంబరు పోతే మార్చుకుంటాం. ఇంటి తాళం పోతే కొత్తది కొంటాం. వేలిముద్ర పోతే కొత్త వేలు ఎక్కడ తెచ్చుకుంటాం? ఇది ఉత్త భయం కాదు, మన రాష్ట్రంలోనే జరిగింది. 2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులమ్మే ఒకడు పట్టుబడ్డాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో ఉన్న భూమి దస్తావేజులు దించుకున్నాడు. వాటి మీదున్న వేలిముద్రలు, ఆధార్ నంబర్లు తీసుకొని, రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో నకిలీ ముద్రలు తయారుచేశాడు. టార్గెట్ కోసం ఆ ముద్రలతో వేల సిమ్ములు చేయించాడు. ముద్ర గల్ల మనుషులకు తమ పేరు మీద సిమ్ములు పుట్టిన సంగతే తెల్వదు. ఎకరమో అరెకరమో కొనుక్కున్న రోజు సంతోషంగ వేలు పెట్టినోళ్ల తప్పేమున్నది? ఆ కాగితాన్ని ఎవరైనా దించుకునేటట్టు బజార్ల పెట్టినోళ్లది తప్పు.

ఇదొక్కటే కాదు. 2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే సంస్థ ఒక నివేదిక బయటపెట్టింది. నాలుగు ప్రభుత్వ పథకాల వెబ్‌సైట్లలో సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు ఎవరికైనా కనబడేటట్టు ఉన్నాయని చెప్పింది. ఏవి ఆ నాలుగు? కేంద్రం ఇచ్చే ముసలోళ్ల, వితంతువుల పింఛన్లు, దేశం మొత్తం ఉపాధి హామీ లెక్కలు, ఆంధ్రప్రదేశ్ ఉపాధి కూలీల చెల్లింపులు, చంద్రన్న బీమా. చూడండి, ఇవి బంగళాలున్నోళ్ల జాబితాలు కావు. ముసలవ్వలు, మొగుడు పోయిన ఆడోళ్లు, గడ్డపార పట్టినోళ్లు – వీళ్ల నంబర్లే అంగట్లో పెట్టినట్టు పెట్టారు. 2019 ఏప్రిల్‌లో రెండు తెలుగు రాష్ట్రాలకు చెందిన ఏడు కోట్ల ఎనభై లక్షల పైచిలుకు మంది వివరాలు హైదరాబాదులో ఒక రాజకీయ పార్టీకి యాప్ చేసిన ప్రైవేటు కంపెనీ దగ్గర ఉన్నాయని ఆధార్ సంస్థ అధికారులే పోలీసులకు ఫిర్యాదు చేశారు. మన నంబరు ఓట్ల బేరానికి కూడా పనికొస్తదన్న మాట!

దొంగ చేతికి పోతేనే నష్టం అనుకోవద్దు. సర్కారు చేతిలో ఉన్నా, అడిగే దిక్కు లేకపోతే అంతే. మన రాష్ట్రంలో కంప్యూటరు లెక్కలు చూసి, ఇంటికి వచ్చి అడగకుండానే రేషన్ కార్డులు కొట్టేశారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఊర్లలోకి పోయి మళ్లీ తనిఖీ చేయమని చెప్పాల్సి వచ్చింది. కంప్యూటరుకు ఆకలి తెల్వదు. రాళ్లు కొట్టి అరిగిన వేలు, మర్రిగూడ దిక్కు ఫ్లోరైడుతో వంగిపోయిన చెయ్యి దానికి తెల్వదు.

ఇక అప్పు సంగతి. 1976లో వెట్టి నిర్మూలన చట్టం వచ్చింది. అయినా పాలమూరు లేబరు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని భివండి, పుణె దాకా పోవడం ఆగలేదు. ఇప్పుడు మేస్త్రీ ఫోనులోకే వచ్చిండు. "కాగితాలు అక్కర్లేదు, పది నిమిషాల్ల అయిదు వేలు" అంటది లోన్ యాప్. ఆ యాప్ పెట్టుకునేటప్పుడు ఫోనులో ఉన్న పేర్లు, ఫొటోలు చూడనియ్యమని అడుగుతది. మనం సరే అని నొక్కుతం. అదే కొత్త బాకీ కాగితం! వారం తిరిగేసరికి వడ్డీ కట్టకుంటే అక్కకు, బావకు, పనిచేసే చోట సేటుకు ఫోన్లు పోతయి. ఇంటి ఆడోళ్ల ఫొటోలు మార్చి పంపుతరు. ఎనకట బాకీ కట్టనోన్ని గడీ ముందట వంగబెట్టి వీపు మీద రాయి పెట్టేటోళ్లు. ఇప్పుడు అదే పని ఫోనుల చేస్తున్నరు. 2020లో ఈ వేధింపులకు మన రాష్ట్రంలో ఉద్యోగం చేసేవాళ్లు కూడా ప్రాణాలు తీసుకున్నారు. ఆ డిసెంబరులో పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి చైనా దేశస్థులను కూడా అరెస్టు చేశారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు గట్టిగనే చెప్పింది: అప్పిచ్చే యాప్ మన ఫోనులోని పేర్ల జాబితా, కాల్ రికార్డు, ఫొటోలు ముట్టొద్దు. ముట్టిందంటే అది దొంగ యాప్. గంతే.

పైసల సంగతి ఇదయితే, పరువు సంగతి ఇంకొకటి. బడిలో పనిచేసే మనిషిగ ఇది చెప్పక తప్పదు. స్కాలర్‌షిప్పు జాబితా అని పిల్లల పేరు, కులం, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు ఒకే కాగితం మీద రాసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం అలవాటయింది. ఊర్లో అందరి ఫోన్లకూ అది పోతది. నారాయణపేట దిక్కు జోగిని తల్లికి పుట్టిన బిడ్డ దరఖాస్తులో తండ్రి పేరు గడి ముందు పెన్ను పట్టుకొని ఆగిపోతది. ఆ గడి ఖాళీ ఎందుకున్నదో క్లాసు మొత్తానికి తెలిస్తే ఆ బిడ్డ రేపు బడికి వస్తదా? ఉపాధ్యాయ మిత్రులారా, జాబితా ఎవరికి అవసరమో వాళ్లకే పంపండి. పిల్లల వివరం మన చేతికి వచ్చింది నమ్మకం మీద, చాటింపుకు కాదు.

ఇక్కడ ఒక మాట తేటగ చెప్పుకోవాలె. కులం దాచుకోవడం మన సిద్ధాంతం కాదు. 1994లో దండోరా లేచినప్పుడు పేరు చివర మాదిగ అని పెట్టుకొని తలెత్తుకు తిరిగిన వాళ్లం మనం. అయితే చెప్పుకునే హక్కు మనదైతే, చెప్పకుండ ఉండే హక్కు కూడా మనదే. మనం చెబితే అది ఆత్మగౌరవం. మనల్ని అడగకుండ ఇంకొకడు చాటితే అది అవమానం. పట్నంలో ఇల్లు కిరాయికి అడిగినప్పుడు ఇంటిపేరు, ఊరు, చివరికి ఏం కూర వండుతరని ఆరా తీసేది ఎందుకో మనకు తెలుసు. లెక్కల సంగతి వేరు. 2024 నవంబరులో మొదలైన కుటుంబ సర్వేలో ఎస్సీలు 17.43 శాతమని తేలింది. ఆ లెక్క మనకు కావాలె. లెక్క లేకుంటే వాటా లేదు. జనం మొత్తం లెక్క బజార్ల పెట్టండి, ఇంటింటి వివరం మాత్రం బీరువాల దాచండి. రెండింటికి తేడా తెల్వనట్టు నటించేటోళ్లను నమ్మొద్దు.

ఇది పట్నపు చదువుకున్నోళ్ల కొత్త కోరిక అనేవాళ్లకు బాబాసాహెబ్‌ను చూపించాలె. 1947 మార్చిలో అంబేద్కర్ రాసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్' ముసాయిదాలో ఒక హక్కు ఉన్నది: మనిషి ఒంటిని, ఇంటిని, కాగితాలను, వస్తువులను సర్కారు అన్యాయంగ సోదా చేయరాదు. కాగితాలు అనే మాట కూడా అందులో ఉన్నది!  రాజ్యాంగ సభ కమిటీలో బి.ఎన్.రావు, అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ వంటి పెద్దలు దర్యాప్తులకు అడ్డమని అభ్యంతరం పెట్టారు. ఆ హక్కు రాజ్యాంగంలోకి ఎక్కలేదు. డెబ్బై ఏండ్ల తర్వాత, 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీల సుప్రీంకోర్టు బెంచి, మనిషి సొంత బతుకు గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పిచ్చింది. ఆ తీర్పులో అంబేద్కర్ ముసాయిదా ప్రస్తావన ఉన్నది. బాబాసాహెబ్ అడిగినది ఆలస్యంగ వచ్చింది, గంతే.

తీర్పు వచ్చినాక చట్టం 2023లో వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ఇక్కడ ఏలికల తెలివి చూడండి. మన వివరాలు కాపాడాల్సిన కంపెనీల మీద ముఖ్యమైన బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. అదే చట్టంలోని 44(3) సెక్షన్‌తో సమాచార హక్కు చట్టం 8(1)(జె)ను మార్చే పనికి మాత్రం ఒక్క రోజు ఆగలేదు! వ్యక్తిగత వివరమైనా పదిమంది మేలు కోసమైతే ఇవ్వాలన్న మాట ఆ క్లాజులోనే ఉండేది. దాన్ని తీసేశారు. ఇక మస్టర్‌లో దొంగ పేర్లు అడిగినా, ఆఫీసరు ఆస్తి అడిగినా "వ్యక్తిగతం" అని తలుపు మూస్తరు. మిత్రులారా, 8(2) ఇంకా ఉన్నది. ప్రజల మేలు ఎక్కువైతే ఇవ్వవచ్చని అది చెబుతది. దరఖాస్తులో దాన్ని రాసి అడగండి. సర్కారు పద్దు నలుగురిలో చదవాలె, పేదోని బతుకు గడప లోపల ఉండాలె. వీళ్లు దాన్ని తిరగేసిన్రు.

పోరాటం నడుస్తనే ఉంటది. ఈలోగ ఇంట్లో చేసుకోవాల్సిన పనులు చెప్పుకుందాం. అక్కలు, అన్నలు, చదువు వచ్చినోళ్లు రానోళ్లకు చదివి వినిపించండి.

ఒకటి, వేలు పెట్టే ముందే "ఎంత తీస్తున్నవు?" అని గట్టిగ అడగండి. పడలేదంటే, పడలేదన్న రసీదు చూపించమనండి. పైసలు లెక్కబెట్టుకోందే లేవొద్దు. పాసుబుక్కు నెలకొకసారి బ్యాంకులోనే ఎక్కించుకోండి.

రెండు, ఆధార్‌లో వేలిముద్రకు తాళం వేసుకునే ఏర్పాటు ఉన్నది. ఆధార్ కేంద్రంలో, ఆధార్ వెబ్‌సైటులో చేసుకోవచ్చు, 1947కు ఫోన్ చేసి అడగొచ్చు. తాళం ఉన్నన్ని రోజులు రేషన్ మిషన్ల కూడా వేలు పడదు, అది గుర్తుంచుకోండి. నెలనెలా వేలుతోనే బియ్యం తెచ్చుకునేటోళ్లు, ఖాతాలో వేలుతో పైసలు తీసే పద్ధతి ఆపమని బ్యాంకులో రాసిచ్చి అడగండి.

మూడు, జిరాక్స్ ఇచ్చేటప్పుడు దాని మీద ఏ పనికి ఇస్తున్నరో, ఏ తారీఖో అడ్డంగ రాయండి. చివరి నాలుగు అంకెలే కనిపించే ఆధార్ కాగితం కూడా దొరుకుతది, అది చాలిన చోట అదే ఇవ్వండి. నెట్ సెంటర్ వాని ఫోనుకు పంపిన ఫొటో పని కాంగనే మీ ముందట తీసేయించండి. నెట్ సెంటర్ నడిపే మన తమ్ముళ్లు అడగకముందే తీసేయాలె.

నాలుగు, చాయ్ హోటలు, టైలరింగు, చెప్పుల దుకాణం పెట్టుకున్న మనోళ్లకు: పైసలు మనకు రావడానికి పిన్ను కొట్టే పని లేదు. పిన్ను కొట్టమన్నడంటే పైసలు మన దగ్గర్నుంచే పోతయి. గిరాకీ చూపించే ఫోను ఫొటో నమ్మొద్దు, మన ఖాతాలో పడ్డదా అన్నది చూడండి. గోడ మీది స్కాన్ బొమ్మ పొద్దున షట్టరు తీయంగనే మనదేనా అని చూసుకోండి, రాత్రి దాని మీద ఇంకొకటి అంటించే దొంగలున్నరు.

అయిదు, పథకం పేరుతో, బ్యాంకు పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఫైలు తెరవొద్దు. ఫోనులో పోలీసు బట్టలేసుకొని "నిన్ను అరెస్టు చేసినం, కదలొద్దు" అంటే పెట్టేయండి. ఫోనులో అరెస్టు చేసే చట్టం ఈ దేశంలో లేదు. ఠాణాలంటే మనకున్న పాత భయమే వాళ్ల పెట్టుబడి.

ఆరు, పైసలు పోతే సిగ్గుపడి ఊకోవద్దు. వెంటనే 1930కు ఫోన్ చేయండి, ఎంత తొందరగ చేస్తే పైసలు ఆగే అవకాశం అంత ఎక్కువ. మూడు రోజులు దాటకముందే బ్యాంకులో రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండ మూడోవాడు దోచుకుంటే, మూడు పనిదినాల్లో చెప్పిన ఖాతాదారుని మీద నష్టం వేయొద్దని రిజర్వు బ్యాంకు 2017 జూలైలోనే చెప్పింది. మేనేజరు "నువ్వే వేలు పెట్టినవు" అంటే ఈ మాట అడగండి.

ఏడు, ఆడపిల్ల ఫొటోతో ఎవడన్న బెదిరిస్తే బిడ్డ చేతిలోంచి ఫోను గుంజుకోవద్దు, చదువు మాన్పించొద్దు. తప్పు బెదిరించినోనిది. భారతీయ న్యాయ సంహిత 77, 78 సెక్షన్లు ఉన్నవి. కులం చూసి చేసిన పని అయితే అట్రాసిటీ చట్టం కూడా పెట్టమని పట్టుబట్టండి.

ఇవి మన జాగ్రత్తలు. కానీ జాగ్రత్తల భారమంతా పేదోని నెత్తినే పెట్టి సర్కారు, బ్యాంకులు చేతులు దులుపుకుంటే ఒప్పుకోం. వేలుతో పాటు రహస్య నంబరు కూడా అడిగే ఏర్పాటు కూలీల ఖాతాలకు కావాలె. పైసలు తీసిన ప్రతిసారి అచ్చు రసీదు, తెలుగులో, తప్పనిసరి చేయాలె. వేలు పడనోళ్లను ఖాళీ సంచితో వెనక్కి పంపకుండ వేరే పద్ధతిలో అక్కడికక్కడే బియ్యం ఇవ్వాలె. సర్కారు వెబ్‌సైట్లలోంచి, బడి జాబితాల్లోంచి మన నంబరు బయటికి పోతే దానికి జవాబు చెప్పే ఆఫీసరు పేరు గోడ మీద రాయాలె. మన వాడలో ఇద్దరు చదువుకున్న పిల్లలు నెలకొక ఆదివారం కూచొని పాసుబుక్కులు చదివి చెప్పాలె. ఈ చివరి పనికి ఏ సర్కారునూ అడిగే పని లేదు, వచ్చే ఆదివారం మొదలుపెట్టొచ్చు.

కాగితం చదవరాని రోజుల్లోనే మన పెద్దలు దొర పద్దును ప్రశ్నించిన్రు. చదువు వచ్చిన మనం మిషను పద్దును ప్రశ్నించకపోతే ఆ చదువు ఎందుకు? ముద్ర అడిగిన ప్రతిచోటా ఒకటే అడుగుదాం: ఎందుకు, ఎంతకు, ఎవరికి? జవాబు వచ్చేదాక వేలు పిడికిట్లనే ఉంచుదాం.